పెర్రిన్ సందులో పన్నెండో నంబరు

ముప్పై ఒక్క సంవత్సరాలు ఈ కొండ మీద ఉత్తరాలు పంచాను. ఒక్క ఉత్తరం కూడా తప్పు గుమ్మంలో వేయలేదని చెప్పుకోవడం నాకు అలవాటు. వినేవాళ్ళు మొహం తిప్పుకున్నా నేను మానను. మోకాళ్ళు మొరాయించి ఉద్యోగం వదిలేశాను కానీ, కొండని వదలబుద్ధి కాలేదు. అందుకని తొమ్మిదేళ్ళుగా, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ప్రతి శనివారం పొద్దున, కెమెరాలు మెడలో వేసుకొచ్చిన వాళ్ళని వెంటేసుకుని అవే సందులు ఎక్కుతూ దిగుతూ ఉన్నాను. మోకాళ్ళు నొప్పి అని మానేసినదానివి ఇదేం పని అని మా చెల్లెలు దెప్పుతుంది. భుజాన సంచీ లేదు కదా అంటాను.

బోస్టన్‌లో కొండకి దక్షిణపు వాలు డబ్బున్న వాళ్ళది. ఉత్తరపు వాలు మా నల్లవాళ్ళది, అంటే ఒకప్పుడు. మంగళ్ళు, పాత బట్టల వ్యాపారులు, ఓడల్లో వంటవాళ్ళు, చాకలి పని చేసే ఆడవాళ్ళు ఇక్కడ కాపురాలు పెట్టి, పగలు ఒళ్ళు వంచి పనిచేసి, సాయంత్రం మీటింగ్ హౌసులో, అంటే మా చర్చిలో, కూర్చుని బానిసత్వం మీద కత్తులు నూరారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి పారిపోయి వచ్చిన బానిసల్ని దాచారు. నేను చూపించేది ఆ ఇళ్ళనే. నా నడకలో ఒక్కటే కట్టుబాటు. ఆగిన చోట ఒక్క ఫొటో, అంతే. ముందు పది నిమిషాలు కళ్ళతో చూడాలి. ఎదురుగా పడే ఎండలో గోడలన్నీ చప్పగా ఉంటాయి, పక్కవాటుగా పడే ఎండలోనే గోడ తన మనసులో మాట చెబుతుంది, దాని కోసం ఆగండి అని చెబుతాను. డబ్బిచ్చి వచ్చినవాళ్ళు కొందరు సణుగుతారు. సణగనీ.

ఆ శనివారం ఏడుగురు వచ్చారు. ఒహాయో నుంచి పంతుళ్ళుగా చేసి రిటైరైన మొగుడూ పెళ్ళాలు, నర్సింగు చదివే ముగ్గురు పిల్లలు, మోచెయ్యంత పొడవు లెన్సు పట్టుకుని ఎవరితోనూ మాట్లాడని ఒకాయన, ఇంకా అడీనా. అడీనా కెనడాలో, హాలిఫాక్స్‌లో పడవల ఇంజన్లు బాగుచేసే పిల్ల. ఇరవై ఆరేళ్ళుంటాయి. గోళ్ళ కింద నల్లటి గ్రీజు, మెడలో పాత కెమెరా. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చింది. మళ్ళీ ఆ సాయంత్రమే బస్సు.

మొదటి ఆగుడు దగ్గర ఆమె ఫొటో తీయలేదు. రెండో చోటా తీయలేదు. మూడో చోట నాకు చురుక్కుమంది. ఒక్కటి తీయమన్నాను గానీ అసలు తీయొద్దనలేదమ్మా అన్నాను. నవ్వింది. నేనొచ్చిందే ఒక్క ఫొటో కోసమండీ, పెర్రిన్ సందులో తీసుకుంటాను అంది.

నడుస్తూ సంగతి చెప్పింది. వాళ్ళ ముత్తవ్వకి ముత్తవ్వ డోర్కస్ వర్జీనియా నుంచి పారిపోయి వచ్చి ఈ కొండ మీద చాకలి పని చేసుకుంటూ బతికేది. 1850లో ఆ పాడు చట్టం వచ్చి, పారిపోయిన బానిసల్ని పట్టే వేటగాళ్ళు బోస్టన్ దాకా వచ్చి మనుషుల్ని పట్టుకుపోవచ్చని తేలాక, ఆమె కోసం కూడా వచ్చారు. పెర్రిన్ సందులో ఒక ఇంటివాళ్ళు ఆమెని ఎనిమిది రోజులు దాచి, హాలిఫాక్స్ వెళ్ళే ఓడ ఎక్కించారు. చాలా ఏళ్ళ తర్వాత డోర్కస్ ఎవరి చేతో ఆ సంగతి రాయించింది. ఆ కాగితం వాళ్ళింట్లో ఉంది. పెర్రిన్ సందు, పన్నెండో నంబరు, ఏడు మెట్లు దిగితే తలుపు. అంతవరకే ఉంది, పేరు లేదు. అడీనా నాన్నమ్మకి తొంభై నాలుగేళ్ళు. చూపు తగ్గిపోతోంది, ఈ చలికాలం దాటితే ఉండదని డాక్టర్లు చెప్పేశారు. చూపు పోయేలోగా ఆ తలుపొకటి చూడాలని ముసలామె పట్టు.

"దానికేం భాగ్యం, నేనున్నాగా," అన్నాను. పన్నెండో నంబరు నాకు కళ్ళకి గంతలు కట్టినా దొరుకుతుంది.

పన్నెండో నంబరు మా నడకలో అందరికీ ముద్దొచ్చే ఇల్లు. ఎర్ర తలుపు, ఇత్తడి పిడి, పక్కన గ్యాసు దీపం, మెట్ల మీద చామంతి కుండీలు. ఇంటాయన హార్లన్ విట్‌కూంబ్ పళ్ళ డాక్టరు. మనిషి మంచివాడు, నోరే కొంచెం ఎక్కువ. శనివారం మేము వచ్చే వేళకి నిమ్మరసం జగ్గుతో గుమ్మంలో నిలబడి ఉంటాడు. వాళ్ళ నేలమాళిగలో సొరంగం ఉందని, పారిపోయి వచ్చినవాళ్ళు అందులోంచే రేవుకి నడిచి వెళ్ళారని చెబుతాడు. అది బొగ్గు పోసుకునే కంత. ఆ మాట నేను ఆయనకి రెండుసార్లు చెప్పాను, రెండుసార్లూ ఆయన చెవిన పడలేదు. ఈ కొండ మీద ఎవరి నేలమాళిగ చూసినా సొరంగమే. అవన్నీ నిజమైతే కొండ ఎప్పుడో కూలిపోయి ఉండేది.

అందరూ పది నిమిషాలు చూసి, తలా ఒక ఫొటో తీసుకున్నారు. అడీనా కెమెరా పైకెత్తలేదు.

"ఏమ్మా, ఎండ చాలలేదా?" అన్నాను.

"ఈ ఫొటో మా ఇంట్లో రెండున్నాయండీ," అంది మెల్లగా, మిగతావాళ్ళకి వినపడకుండా. "మా బాబాయి ఒకటి తెచ్చాడు, ఆరేళ్ళ కింద. మీతోనే నడిచాడంట. తర్వాత మా అక్క ఇంకోటి తెచ్చింది. నాన్నమ్మ రెండిట్నీ చూసి, ఇది కాదు అని పక్కన పెట్టేసింది. మెట్లు దిగాలి కదా, ఇక్కడ ఎక్కుతున్నాం."

నాకు ఒళ్ళు మండింది. రోడ్లు ఎత్తు పెంచి ఉంటారు, పాత మెట్లు మట్టిలో కలిసిపోయి ఉంటాయి, రాయించిన కాగితంలో అన్నీ నిజాలే ఉంటాయా అని నోటికొచ్చిన సాకులన్నీ చెప్పాను. ఆ పిల్ల ఎదురు చెప్పకుండా మర్యాదగా వింది. వాదించినా బాగుండేది. మర్యాదగా వినేసరికి నా మాటలు నాకే నీళ్ళ పాలలా పలచగా వినిపించాయి.

అప్పుడు ఆమె వెనక్కి తిరిగింది. తొమ్మిదేళ్ళలో ఆ చోట నిలబడి వెనక్కి తిరిగిన మొదటి మనిషి. ఎదురుగా అయిదో నంబరు, మిస్ ఒడెస్సా ఇల్లు. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి, పియానో పంతులమ్మ. ఈ సందులో మా వాళ్ళ చేతిలో మిగిలిన ఇల్లు అదొక్కటే. గోధుమ రంగు మీద గోధుమ రంగు, పూతల మీద పూతలు, చూడ్డానికి ఏమీ లేని ఇల్లు. ఫొటోలకి పనికిరాదని నేనే అందరినీ దానికి వీపు పెట్టి నిలబెడతాను. పది గంటల ఎండ కొండ పక్క నుంచి దాని గోడని రాసుకుంటూ పడుతోంది.

"వెర్నెల్ గారూ, పక్కవాటు వెలుతుర్లో చూడమన్నారు కదా," అని కెమెరా నా చేతికిచ్చింది. "తలుపు మీద ఉన్న ఆ రాయి చూడండి."

చూశాను. రంగు పూతల కింద, రాతి మీద, ఉబ్బెత్తుగా నీడ కట్టి ఒకటీ, దాని పక్కన రెండూ. పన్నెండు.

ఉత్తరాలు పంచే మనిషికి నంబరంటే దేవుడి మాట. మనుషులు చస్తారు, ఇళ్ళు చేతులు మారతాయి, నంబరు కదలదు. అలాగే అనుకున్నాను. కానీ నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఉత్తరాలు వేరుచేసే గదిలో ఒక ముసలాయన చెప్పిన కథ అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడో వాళ్ళ తాతల కాలంలో, కింద నుంచి పైకి ఉన్న ఈ సందుల నంబర్లని పై నుంచి కిందకి మార్చేశారట. ఏడాది పాటు పోస్టు వాళ్ళు లబోదిబోమన్నారట. విని నవ్వాను. నవ్వి మర్చిపోయాను. ఒక్క ఉత్తరం తప్పు గుమ్మంలో వేయలేదన్న దాన్ని, ఒక చరిత్ర మొత్తాన్ని తొమ్మిదేళ్ళ పాటు పళ్ళ డాక్టరు గుమ్మంలో వేస్తూ వచ్చాను. సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అయిదో నంబరు కిటికీ పైకి లేచింది. మిస్ ఒడెస్సా తల బయటపెట్టి ముందు నన్నూ, తర్వాత అడీనానీ చూసింది.

"ఇన్నాళ్ళు పట్టిందా పోస్టమ్మా?" అంది. "సరే, ఆ పిల్లని తీసుకుని రా. పక్క సందులోంచి రండి. ముందు తలుపు పాస్టరు గారికీ ఉత్తరాలకీ."

మిగతావాళ్ళని హార్లన్‌కి అప్పజెప్పి, సొరంగం తీరిగ్గా చూపించమన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ కంత ఒకరోజుకైనా పనికొచ్చింది.

రెండిళ్ళ మధ్య ఒక మనిషి పట్టేంత సందు. చెత్త డబ్బాలు దాటాక మెట్లు కిందకి దిగుతున్నాయి. అడీనా ఒక్కొక్కటే దిగుతూ పెదాలు కదిపింది. ఏడు. గోడ మీద చెయ్యేసి ఒక క్షణం ఆగింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ ఇంటికి ఉత్తరాలు తెచ్చాను కానీ ఆ మెట్లు నేనెన్నడూ చూడలేదు.

వంటగదిలో శనివారపు బీన్స్ ఉడుకుతున్నాయి. ఉప్పు పంది మాంసం, చెరకు పాకం కలిసిన వాసన. మిస్ ఒడెస్సా మమ్మల్ని కూర్చోబెట్టి, అడీనా కథంతా చెప్పించుకుని వింది. డోర్కస్ పేరు తనకి తెలియదంది. ఈ ఇంట్లో దాక్కున్న వాళ్ళ పేర్లు అడగడం, రాసిపెట్టుకోవడం లేదట. తెలియనిది ఎవరు కొట్టినా బయటికి రాదు కదా అంది.

నేను ఉండబట్టలేక అడిగేశాను. "తొమ్మిదేళ్ళ నుంచి కిటికీలోంచి చూస్తున్నారు కదా. తప్పు ఇల్లు చూపిస్తున్నావే అని ఒక్క మాట అంటే ఏం పోయేది?"

"ఎందుకంటాను?" అంది గరిటె తిప్పుతూ. "వేటగాళ్ళు వచ్చినప్పుడు ఈ సందులో వాళ్ళంతా కలిసి ఎదురింటిని చూపించేవాళ్ళంట. అక్కడ ఓడ తాళ్ళమ్మే చిరాకు మనిషి ఒకాయన ఉండేవాడు. అర్ధరాత్రి వచ్చి ఆయన తలుపు బాదితే, వాళ్ళనీ వాళ్ళ వంశాన్నీ తిట్టి పోసేవాడంట. ఈలోపు ఇక్కడున్న వాళ్ళు రేవు చేరేవాళ్ళు. నువ్వొచ్చి మళ్ళీ ఆ ఇల్లే చూపించడం మొదలెట్టావ్. మా అమ్మ ఉంటే నీకు ప్రతి శనివారం ఆపిల్ పై చేసి పెట్టేది."

నవ్వాలో ఏడవాలో తెలియక బల్ల మీది రొట్టె ముక్క నోట్లో పెట్టుకున్నాను.

అప్పుడు అడీనా బయటి నుంచి ఆ తలుపునీ మెట్లనీ ఒక్క ఫొటో తీసుకోనా అని అడిగింది. మిస్ ఒడెస్సా తల అడ్డంగా ఊపింది. ఈ ఇంటిని ఎవరికీ చూపించకూడదు, బొమ్మ తీయించకూడదు అని వాళ్ళమ్మకి వాళ్ళమ్మ చెప్పిందట, తనకి వాళ్ళమ్మ చెప్పిందట. చేతిలో చెయ్యేసి ప్రమాణం కూడా చేయించుకుందట. అడీనా మాట పెంచలేదు. సరేనండీ అని కెమెరా తీసి బల్ల మీద పెట్టింది. మెట్లు తాకాను కదా, నాన్నమ్మకి నోటితో చెబుతాను అంది.

నాకు తిక్క రేగింది. "మిస్ ఒడెస్సా, ఆ చట్టం చచ్చి నూట అరవై ఏళ్ళయింది. ఇంకా ఎవరి నుంచి దాస్తున్నారు? ఆవిడకి తొంభై నాలుగు. చలికాలం దాటితే చూపుండదు. మీరు కాదన్నారని నోటితో చెబితే ఆవిడ కళ్ళు చూసేదేంటి?"

"నా మీద అరిస్తే ఏం లాభం అమ్మాయ్. మాటిచ్చింది నేను," అంది. అని పొయ్యి వైపు తిరిగి చాలాసేపు గరిటె తిప్పుతూనే ఉంది. ఆ మాటలన్నందుకు నాకే మనసు నొచ్చింది. చిన్నప్పట్నుంచీ ఆమె మోస్తున్న మాటని, నిన్న మొన్న కెమెరా పట్టిన నేను తీసి అవతల పారేయమనడం ఏమిటి.

కాసేపటికి ఆమె పొయ్యి మంట తగ్గించి, తలుపు దగ్గరికి వెళ్ళి బార్లా తెరిచింది. పై నుంచి వెలుతురు మెట్ల మీదుగా వంటగది నేల దాకా జారింది.

"ఈ తలుపుని బయట నుంచి వెతికినవాళ్ళు వేటగాళ్ళు," అంది అడీనాతో. "వాళ్ళు చూడాలనుకున్నది నేను చూపించను. లోపల నుంచి చూసినవాళ్ళు మీవాళ్ళు. ఎనిమిది రోజులు మీ ముసలామె ఇక్కడే కూర్చుని దీన్నే చూస్తూ ఉండుంటది. లోపల నుంచి తీసుకో. దాని గురించి నాతో ఎవరూ ప్రమాణం చేయించుకోలేదు."

అడీనా నేల మీద కూర్చుంది, పొయ్యికి ఆనుకుని, గోడ మూల. చాలాసేపు చూసింది. నేను చెప్పే పది నిమిషాలు పూర్తిగా చూసింది. తెరిచిన తలుపు, అరిగిన ఏడు మెట్లు, పైన రెండు గోడల మధ్య గుడ్డపేలికంత ఆకాశం. ఒక్కసారి నొక్కింది. తొమ్మిదేళ్ళలో నా నడకలో తీసినవన్నీ ఇళ్ళ మొహాలే. ఒక ఇంటి కళ్ళతో చూసి తీసినది అదొక్కటే, అదీ నేను చెప్పినందువల్ల కాదు.

ఇక లేచాం. నేను ముందు గడప దాటాను, నా వెనకే అడీనా. మిస్ ఒడెస్సా తలుపు పట్టుకుని నిలబడి, పాలవాడితో అన్నట్టే మామూలుగా అంది.

"నువ్విక్కడికి రానే లేదు."

నేను తెల్లబోయాను. అడీనా మెట్టు మీద అలాగే నిలబడిపోయింది. అదేంటని నేనడిగితే, మిస్ ఒడెస్సా తేలిగ్గా తీసేసింది. ఈ తలుపులోంచి ఎవరు వెళ్ళినా ఆ మాటే అంటారట వాళ్ళింట్లో, వెళ్ళొస్తా వెళ్ళిరా అనే బదులు. పియానో నేర్చుకునే పిల్లలు నవ్వుతారట. కుళాయి బాగుచేసేవాడు ఒకసారి భయపడి, డబ్బులివ్వరేమో అనుకున్నాడట.

అడీనా జేబులోంచి ఫోను తీసింది. "మిస్ ఒడెస్సా, ఆ మాట ఇంకొక్కసారి అనండి. మా నాన్నమ్మతో. ఇంకేం చెప్పకండి, అదొక్కటే."

అవతల ఫోను చాలాసేపు మోగింది. ఎవరో ఎత్తి, ముసలామె చెవి దగ్గర పెట్టినట్టున్నారు. ఊపిరి వినపడుతోంది. మిస్ ఒడెస్సా నా వైపు, ఇదేం పిచ్చి అన్నట్టు చూసి, ఫోనులోకి వంగింది.

"నువ్విక్కడికి రానే లేదు," అంది.

ఫోను తెగిపోయిందేమో అనుకున్నాను. తర్వాత సన్నగా, స్పష్టంగా, పాఠం అప్పజెప్పినట్టు ఒక గొంతు వచ్చింది.

"నేను మిమ్మల్ని చూడనే లేదు."

మిస్ ఒడెస్సా తలుపు అంచు పట్టుకుని మెల్లగా మెట్టు మీద కూలబడింది. ఆ మాటకి జవాబొకటి ఉందని వాళ్ళింట్లో ఎవరికీ తెలియదు. వెళ్ళేవాళ్ళు జవాబు చెప్పి, దాన్ని తమతోనే తీసుకుపోయారు. హాలిఫాక్స్‌లో అడీనా వాళ్ళు ఏ చుట్టాలింటి నుంచి వెళుతున్నా గడప దాటుతూ ఆ మాటే అంటారట. ముందు అనాల్సిన మాట ఏమిటో వాళ్ళకీ తెలియదు. ఊళ్ళో అందరూ వీళ్ళని వెక్కిరిస్తారట, భోజనం పెట్టినవాళ్ళని చూడలేదంటారేమిటని. ఇవన్నీ అడీనా ఏడుస్తూ, నవ్వుతూ, ముక్కు చీదుతూ చెప్పింది. నేనూ ఏడ్చాను. దాచుకోవడం దేనికి.

"ఎవరమ్మా నువ్వు?" అంటోంది ఫోనులో గొంతు. "ఎవరు?"

ఆ ఇంట్లో ఆ ప్రశ్నకి జవాబు చెప్పే అలవాటు లేదు. మిస్ ఒడెస్సా కొంగులాంటి ఏప్రను అంచుతో కళ్ళు తుడుచుకుంది.

"ఒడెస్సా టార్బెల్‌ని," అంది. "తలుపుకి ఇవతల ఉన్నదాన్ని."

ఇద్దరూ మాట్లాడుకుంటూ పోయారు. మధ్యలో బీన్స్ అడుగంటాయి, నేనే వెళ్ళి దించాను. ఫొటో ఎప్పుడు తెస్తావని నాన్నమ్మ అరుస్తోంటే, రేపు పొద్దున్నే నాన్నమ్మా అని అడీనా పక్క నుంచి అరిచింది.

నేను ఒక్కదాన్నే పైకి వచ్చాను. నా గుంపు ఎర్ర తలుపు ముందు నిమ్మరసం తాగుతోంది. వాళ్ళకి ఉన్నది చెప్పాను. ఇన్నాళ్ళూ నేను చెప్పింది తప్పు, నంబర్లు తిరగబడ్డాయి, ఆ ఇల్లు ఇది కాదు అన్నాను. హార్లన్ మొహం పాలిపోయింది. ఓడ తాళ్ళమ్మే ముసలాయన తిట్ల కథ చెప్పేసరికి మళ్ళీ తేరుకున్నాడు. వేటగాళ్ళని ఆపిన తలుపు నాదే అన్నమాట అన్నాడు. అవునన్నాను.

ఒహాయో పంతులుగారు కెమెరా మూత తీసి, సందు ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. మరి అసలు ఇల్లు ఏది అని అడిగాడు. అందరూ నా వైపు తిరిగారు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ సందులో తలుపు తలుపుకీ తిరిగినదాన్ని. తెలియదండీ అన్నాను.